ఒకే పేరు, రెండు జిల్లాలు: ఉమ్మడి రిపాజిటరీల్లో పేర్ల గొడవ

2011 జనాభా లెక్కల్లో నల్గొండ జిల్లా జనం 34.88 లక్షలు. 2016 అక్టోబర్ 11న సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వేరుపడ్డాయి. అవే లెక్కల ప్రకారం చూసినా ఇప్పుడు ఆ పేరు కింద మిగిలింది సుమారు 16.18 లక్షలే. సంస్థ మోడల్స్ (దాని పనులు, డేటా, సాఫ్ట్‌వేర్ ఎలా ముడిపడి ఉన్నాయో చూపే పటాలు) అన్నీ ఒకేచోట దాచే రిపాజిటరీలో ఒక టీమ్ పాత జిల్లాను, ఇంకో టీమ్ కొత్త జిల్లాను "నల్గొండ" అనే పెట్టిందనుకోండి. కలిపేటప్పుడు ఒకటి ఇంకొకదాన్ని చెరిపేయొచ్చు. లేదా రెండూ పక్కపక్కనే ఉండిపోవచ్చు. నన్నడిగితే రెండోదే ఎక్కువ ప్రమాదం. ఎర్రర్ రాదు, రిపోర్టు మాత్రం తప్పుతుంది.

మహబూబ్‌నగర్‌కు ఈ చిక్కు రెండుసార్లు వచ్చింది. 2016లో నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల విడిపోయాయి, 2019 ఫిబ్రవరిలో నారాయణపేట. పైగా జనం నోట అది పాలమూరు. ఒక పేరుకు వేర్వేరు అర్థాలు, ఒకే ఊరికి రెండు పేర్లు: రెండు చిక్కులూ ఒక్క జిల్లాలోనే ఉన్నాయి.

మన ఊళ్లకిది కొత్త కాదు. యాదగిరిగుట్ట నర్సన్న మీద భక్తితో పెట్టుకున్న పేర్లు కదా, ఒక్కో వాడకట్టులో ఇద్దరు ముగ్గురు యాదగిరులు ఉంటారు. ఇంటిపేరు ముందు పెట్టి పిలుస్తాం. అదీ ఒకటైతే పెద్ద యాదగిరి, చిన్న యాదగిరి. మనిషి పేరు మారదు, ఏ ఇంటివాడో చెప్తే చాలు.

కంప్యూటర్లు ఆ దారికి రావడానికి కొంత టైమ్ పట్టింది. ఇంటర్నెట్‌కు ముందు వచ్చిన అర్పానెట్ నెట్‌వర్క్ రోజుల్లో కంప్యూటర్ల పేర్లన్నీ ఒకే ఫైల్‌లో ఉండేవి. కాలిఫోర్నియాలోని ఎస్ఆర్ఐ కేంద్రం దాన్ని చూసుకునేది. నెట్‌వర్క్ పెరిగేకొద్దీ ఆ ఫైల్‌ను సంభాళించడం కష్టమైంది. 1983లో పాల్ మొకపెట్రిస్ డీఎన్ఎస్ రూపొందించారు, అంటే కంప్యూటర్ల పేర్లను డొమైన్లుగా విడగొట్టి చూసుకునే పద్ధతి. పేర్లు పెట్టే అధికారం ఎవరి ఇంట్లో వాళ్లకే వచ్చింది. 1990లలో జావా అనే ప్రోగ్రామింగ్ భాష ఆ డొమైన్ పేర్లనే తిరగేసి ప్యాకేజీల (ప్రోగ్రాముల కట్టల) పేర్ల ముందు పెట్టింది, అచ్చం మన ఇంటిపేరులాగే. డేటా రాసే ఫార్మాట్ ఎక్స్ఎంఎల్‌కు నేమ్‌స్పేస్‌ల (పేర్లు ఒకదానితో ఒకటి తగలకుండా విడిగా ఉంచే గదుల్లాంటివి) ప్రమాణం 1999 జనవరిలో వచ్చింది. కంపెనీల లెక్కలు, లావాదేవీలు నడిపే సాప్ సాఫ్ట్‌వేర్‌లో కస్టమర్లు సొంతంగా రాసుకునే ప్రోగ్రాములకు జెడ్ లేదా వై అక్షరంతో పేరు మొదలుపెట్టే పద్ధతి ఉంది, కంపెనీ ఇచ్చిన ప్రోగ్రాములతో తగాదా రాకుండా.

సంస్థ మొత్తాన్ని ఒక్క రిపాజిటరీలో పెట్టాలన్న ఆశ కూడా పాతదే. 1987లో జాన్ జాక్‌మన్ సంస్థ సమాచార వ్యవస్థలను వర్గాలవారీగా చూపే తన చట్రం ప్రచురించారు. 1989లో ఐబీఎం, సాఫ్ట్‌వేర్ తయారీ సమాచారాన్ని ఒకే రిపాజిటరీలో పెట్టే ఏడీసైకిల్ ప్రకటించింది, అది అనుకున్నంత నిలవలేదు. 1997లో సాఫ్ట్‌వేర్‌ను బొమ్మలుగా గీసే భాష యూఎంఎల్ ప్రమాణమైంది. అందులో ప్యాకేజీయే నేమ్‌స్పేస్, వేర్వేరు ప్యాకేజీల్లో ఒకే పేరు ఉన్నా ఇబ్బంది లేదు. ఆర్కిమేట్ అనేది సంస్థ నిర్మాణాన్ని గీసే భాష, ఆ మోడల్స్ గీసే ఆర్కి టూల్‌లో అలా కాదు. ఫోల్డర్ సర్దుకోవడానికే. గుర్తింపు అంతా లోపలి ఐడీది, కాబట్టి ఒకే పేరుతో ఎన్ని పెట్టినా టూల్ ఆపదు. ఆపాల్సింది మనుషులే.

దాంతో చాలాచోట్ల పేరు ముందు టీమ్ పేరు తగిలిస్తున్నారు. ఇది నాకు నచ్చని పని. టీమ్‌లు కూడా జిల్లాల్లాగే చీలుతాయి, కలుస్తాయి. రెండేళ్లకే ఆ ముందు తగిలించిన పేరు అబద్ధమవుతుంది. మిర్యాలగూడ రైస్ మిల్లునే తీసుకోండి: వడ్లు కొనే దగ్గర "లాట్" ఒకటి, బియ్యం పంపే దగ్గర "లాట్" ఇంకొకటి. "వడ్ల లాట్", "బియ్యం లాట్" అంటే గుమస్తా నుంచి సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ దాకా అందరికీ అర్థమవుతుంది. కొనుగోలు టీమ్ పేరు తగిలిస్తే, ఆ టీమ్ తెలిసినవాళ్లకే అర్థమవుతుంది.

జిల్లాల విషయంలోనూ అంతే. "నల్గొండ, 2016 అక్టోబర్ 10 వరకు" ఒక ఎలిమెంట్ (మోడల్‌లోని ఒక అంశం), "నల్గొండ, 2016 అక్టోబర్ 11 నుంచి" ఇంకొకటి, రెండింటికీ వేర్వేరు ఐడీలు. మహబూబ్‌నగర్‌కైతే మూడు. పాలమూరు అనే మాటను వాటికి మారుపేరుగా రాసిపెట్టాలి, ఎవరు ఏ పేరుతో వెతికినా దొరికేలా.