వైద్యం కోసం ఊరు దాటడం: చిత్తూరు సీమలో పాత కథ

డిసెంబరు సెలవులు మొదలైతే తిరుపతిలో పళ్ళ డాక్టర్ల దగ్గర అమెరికా నుంచి, కువైట్ నుంచి వచ్చినవాళ్ళు కనిపిస్తారు. వాళ్ళ లెక్క తేలిగ్గానే అర్థమవుతుంది. అమెరికాలో ఒక పంటికి రూట్ కెనాల్ చేయించి తొడుగు వేయించుకుంటే వెయ్యి డాలర్లు దాటడం మామూలే. అక్కడ పళ్ళకు విడిగా ఇన్సూరెన్స్ తీసుకోవాలి. అది కూడా చాలావరకు ఏడాదికి వెయ్యి, రెండు వేల డాలర్లకు మించి ఇవ్వదు. అందుకని మొదటి వారంలో రూట్ కెనాల్ చేయించుకుని, కొలత ఇచ్చేస్తారు. ల్యాబ్ నుంచి తొడుగు వచ్చేలోపు తిరుమల దర్శనం, కాణిపాకం, శ్రీకాళహస్తి అయిపోతాయి. తిరుగు ప్రయాణానికి ముందు తొడుగు బిగించుకుని విమానం ఎక్కుతారు. వైద్యమూ అయింది, సెలవులూ గడిచాయి, అమ్మానాన్నలనూ చూసుకున్నట్టయింది.

దీన్నే ఇప్పుడు మెడికల్ టూరిజం అంటున్నారు. ప్యాకేజీలు అమ్మే ఏజెంట్లు వచ్చారు, ప్రభుత్వాలు వీసాలు పెట్టాయి. నిన్న మొన్న పుట్టిన వ్యాపారంలా దీని గురించి మాట్లాడుతుంటారు గానీ, మన చిత్తూరు సీమలో జబ్బు మనిషిని వెంటబెట్టుకుని ఊళ్ళు దాటడం తరతరాలుగా ఉంది. వచ్చినవాళ్ళూ ఉన్నారు, వెళ్ళినవాళ్ళూ ఉన్నారు.

పుత్తూరు కట్టు గురించి తెలియనివాళ్ళు ఈ చుట్టుపక్కల ఉండరు. పుత్తూరు దగ్గరి ఈశ్వరాపురంలో ఒక కుటుంబం తరతరాలుగా విరిగిన ఎముకలకు కట్టు కడుతోంది. ముందు చేత్తో తడిమి ఎముకను సరిచేస్తారు. పచ్చని ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన పట్టించి, వెదురు బద్దలు పెట్టి, గుడ్డతో బిగించి కడతారు. తమిళనాడు నుంచి, కర్ణాటక నుంచి కూడా జనం వస్తారు. చెన్నైలో అయితే వీధికొకటిగా ‘పుత్తూరు కట్టు’ బోర్డులు వెలిశాయి. వాటిలో ఎన్నింటికి అసలు పుత్తూరుతో సంబంధం ఉందో కట్టించుకునేవాళ్ళే కనుక్కోవాలి. ఎముక చర్మం చీల్చుకుని బయటికి వచ్చినప్పుడు మాత్రం ఏ కట్టూ పనికిరాదు, నేరుగా ఆపరేషన్ థియేటర్ ఉన్న ఆస్పత్రికి పోవాల్సిందే. అంత దూరం నుంచి జనం ఇక్కడికి ఎందుకొచ్చారంటే, ఖర్చు తక్కువ, నమ్మకం ఎక్కువ, కట్టించుకుని అదే రోజు ఇంటికి పోవచ్చు. ఈ రోజు బ్యాంకాక్ ఆస్పత్రి ప్రకటనల్లో కనిపించే మాటలూ దాదాపు ఇవే.

మదనపల్లెది ఇంకో రకం కథ. ఆ ఊరు సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంటుంది, గాలి పొడిగా ఉంటుంది. క్షయకు మందు లేని రోజుల్లో మంచి గాలి, ఎండ, విశ్రాంతి, బలమైన తిండి, ఇవే వైద్యం. కొన్ని క్రైస్తవ మిషన్లు కలిసి 1915లో అక్కడ శానటోరియం, అంటే క్షయ రోగులను ఉంచి చూసుకునే ఆస్పత్రి, తెరిచాయి. ఆ చోటికే ఆరోగ్యవరం అని పేరు. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని నడిపించారు. రోగులు నెలల తరబడి అక్కడే ఉండేవాళ్ళు. మంచి వాతావరణం ఉన్న చోటికి పోయి ఒళ్ళు బాగుచేసుకోవడమంటే అదే. కాకపోతే దాన్ని ఎవరూ విహారం అనుకోలేదు. ఇల్లు, పిల్లలు, పని వదిలేసి వచ్చినవాళ్ళు వాళ్ళు.

తర్వాత స్ట్రెప్టోమైసిన్ వంటి మందులు వచ్చాయి. 1956లో మద్రాసులో మొదలైన క్షయ పరిశోధన కేంద్రం, ఇంటి దగ్గర మందులు మింగినా శానటోరియంలో ఉన్నా ఫలితం ఒకటేనని 1959లో తేల్చి చెప్పింది. నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రలో ఇంతకన్నా గొప్ప మలుపు లేదు. రోగిని దూరం పంపే అవసరమే అది తీసేసింది.

ఇక రాయవేలూరు, అంటే తమిళనాడులోని వేలూరు. చిత్తూరు నుంచి గంట ప్రయాణం. రాష్ట్రం వేరైనా మనవాళ్ళకు అది పరాయి ఊరు కాదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా రెండూ ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివే. అమెరికన్ మిషనరీ డాక్టర్ ఐడా స్కడర్ 1900లో అక్కడ ఒక్క మంచంతో మొదలుపెట్టిన చిన్న దవాఖానే నేటి సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆస్పత్రి. 1918లో ఆడవాళ్ళకు వైద్య పాఠశాల పెట్టారు, 1971లో దేశంలోనే మొదటిగా విజయవంతమైన కిడ్నీ మార్పిడి చేశారు. ‘ఇక్కడ కాదు, వేలూరు తీసుకుపోండి’ అన్న మాట వినని కుటుంబం చిత్తూరు జిల్లాలో అరుదు. బెంగాల్ నుంచి, ఈశాన్య రాష్ట్రాల నుంచి, బంగ్లాదేశ్ నుంచి రోగులు వచ్చి వచ్చి ఆ ఆస్పత్రి చుట్టూ లాడ్జీల బోర్డులు బెంగాలీలోకి మారిపోయాయి. అద్దెకిచ్చే గదుల్లో వంట చేసుకునే ఏర్పాటు కూడా ఉంటుంది. రిపోర్టు రావడానికి రెండు రోజులు పడుతుందంటే ఆ లోపు తిరుపతి వచ్చి స్వామిని చూసుకుని పోతారు. గుండు చేయించుకుని, చేతిలో స్కానింగ్ కవరు పట్టుకుని కాట్పాడి రైలు కోసం నిలబడ్డ బెంగాలీ కుటుంబాన్ని చూస్తే వైద్యం, యాత్ర ఎలా కలిసిపోయాయో తెలుస్తుంది. ఆపదమొక్కులవాడి ఊళ్ళో ఇది వింతేమీ కాదు.

దేశం దాటే ప్రయాణానికి వస్తే, నలభై ఏళ్ళ కిందట దారి ఇటు నుంచి అటు. 1983లో తిరుపతి నుంచి కూడా గెలిచి ముఖ్యమంత్రి అయిన ఎన్టీఆర్, 1984లో గుండె ఆపరేషన్ కోసం అమెరికా వెళ్ళాల్సి వచ్చింది. తిరిగొచ్చిన కొద్ది రోజులకే ఆగస్టు 16న గవర్నర్ ఆయన్ను పదవి నుంచి తీసేయడం తెలుగువాళ్ళు మరిచిపోలేని ఘట్టం. అదే ఏడాది ఎంజీఆర్ కిడ్నీ మార్పిడికి న్యూయార్క్ వెళ్ళారు. ముఖ్యమంత్రులు వెళ్ళగలిగారు. డబ్బు లేనివాళ్ళ మాటేమిటి? తవణంపల్లె మండలం అరగొండలో పుట్టిన డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డి, అమెరికా వెళ్ళే స్తోమత లేక ఒక రోగి చనిపోవడమే తనను ఆస్పత్రి కట్టేలా చేసిందని చాలాసార్లు చెప్పారు. 1983లో చెన్నైలో అపోలో మొదలైంది. అరగొండకు అర్ధగిరి అని ఇంకో పేరు కూడా ఉంది. సంజీవని కొండ మోసుకుపోతున్న ఆంజనేయుడి చేతి నుంచి విరిగిన ముక్క ఇక్కడే పడిందని, అర్ధగిరి కోనేటి నీళ్ళు తాగితే జబ్బులు నయమవుతాయని పౌర్ణమికి జనం వస్తారు. ఎన్టీఆర్ 1986లో తిరుపతిలో స్విమ్స్‌కు పునాది వేశారు, 1993లో ఆస్పత్రి తెరుచుకుంది. పెద్ద జబ్బు వస్తే మద్రాసుకో వేలూరుకో పరుగెత్తే అవసరం కొంత తగ్గింది అప్పటి నుంచే.

దారి తిరగబడింది 1997 తర్వాత. ఆ జులైలో థాయ్‌లాండ్ కరెన్సీ కుప్పకూలింది. స్థానికుల దగ్గర డబ్బు లేక బ్యాంకాక్‌లోని బుమ్రున్‌గ్రాడ్ లాంటి ప్రైవేటు ఆస్పత్రులు విదేశీయుల వైపు చూశాయి. డాలరున్నవాడికి అక్కడి వైద్యం అంతకుముందు కన్నా చవకైంది, పక్కనే సముద్ర తీరాలు. వైద్యంతో పాటు విహారం అన్న ప్రచారం ఊపందుకున్నది అప్పుడే. మన దగ్గర 2002 జాతీయ ఆరోగ్య విధానం విదేశీ రోగులకు చేసే వైద్యాన్ని ఎగుమతిలా చూడాలంది. 2003లో లాహోర్ నుంచి బస్సులో వచ్చిన రెండేళ్ళ నూర్ ఫాతిమాకు బెంగళూరులో గుండె ఆపరేషన్ జరిగినప్పుడు దేశమంతా ఆ పాప కోసం ప్రార్థించింది. ఈ-మెడికల్ వీసా 2017లో వచ్చింది.

చీకటి వైపు కూడా చెప్పాలి. 1980లలో చెన్నై పేదల కిడ్నీలు విదేశీయులకు అమ్ముడయ్యాయి. 1994లో చట్టం వచ్చాక గానీ ఆ వ్యాపారం నేరం కాలేదు. డబ్బుకు కడుపు అద్దెకిచ్చే సరోగసీ విదేశీయులకు 2015లో ఆగింది. ఇంత ఘోరాలు లేని చోట కూడా ఒక లోపం అలాగే ఉంది. ఆపరేషన్ అయ్యాక రోగిని ఎవరు చూసుకోవాలి? పెద్ద ఆపరేషన్ అయితే వారం పది రోజులైనా విమానం ఎక్కొద్దంటారు, కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది గనుక. అలిపిరి 3,550 మెట్లు ఎక్కడం ప్యాకేజీలో భాగమైతే అది వైద్యం ముందుండాలి, తర్వాత కాదు. పంటికి ఇంప్లాంట్, అంటే దవడలో బిగించే స్క్రూ, వేస్తే అది ఎముకలో కుదురుకోవడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. మూడు వారాల సెలవులో అన్నీ ముగించేస్తామని ఎవరైనా మాటిస్తే గట్టిగా నిలదీయాలి. తిరిగి వెళ్ళాక నొప్పి మొదలైతే అక్కడి డాక్టరుకు ఇక్కడ ఏం మందు, ఏ కంపెనీ స్క్రూ వాడారో తెలియదు. ఎక్స్‌రేలు, డిశ్చార్జ్ కాగితం, ఇంప్లాంట్ వివరాలుండే స్టిక్కర్ అడిగి తీసుకోవడం రోగి హక్కు.

ఇదంతా వీసా అనే సన్నటి దారం మీద నడుస్తుందని 2024 చూపించింది. ఆ ఆగస్టులో ఢాకాలో ప్రభుత్వం కూలాక బంగ్లాదేశీయులకు మన వీసాలు బాగా తగ్గిపోయాయి. సగంలో ఆగిన కీమోలు, వాయిదా పడ్డ ఆపరేషన్లు ఎవరి లెక్కలోకీ రావు. ఆ రోగుల కోసం చైనా తలుపు తెరిచింది. 2025 మార్చిలో బంగ్లాదేశ్ నుంచి తొలి బృందం వైద్యానికి కున్‌మింగ్ వెళ్ళింది.