పాల పన్నే కదా, ఊడిపోతుందిలే! బడి పిల్లల పళ్ళు: అపోహలు - వాస్తవాలు

అపోహ: పాల పళ్ళు ఎలాగూ ఊడేవే, పుచ్చితే నష్టమేముంది?

ముందు పళ్ళు 6-7 ఏళ్ళకు ఊడే మాట నిజమే. నమిలే పాల దవడ పళ్ళు మాత్రం 10-12 ఏళ్ళ దాకా ఉండాలి. అంటే ఒకటో తరగతిలో పుచ్చిన పన్నుతో పిల్ల ఐదో తరగతి దాకా నెట్టుకురావాలి. పోనీ ముందే పీకించేస్తే? పక్క పన్ను ఆ ఖాళీలోకి ఒరుగుతుంది, కింద నుంచి వచ్చే పన్నుకు చోటు చాలక వంకర తిరుగుతుంది.

అసలు ఎక్కువ నష్టం జరిగేది ఇంకోచోట. ఆరేళ్ళ వయసులో, చివరి పాల పన్ను వెనకాల, ఏదీ ఊడకుండానే ఒక దవడ పన్ను వస్తుంది. ఏదీ ఊడలేదు కాబట్టి ఇదీ పాల పన్నే అనుకుంటారు. ముందు పళ్ళ నడిమి గీత నుంచి ఒక పక్కకు లెక్కపెట్టండి: పాల పళ్ళు ఐదే. ఆరోది కనిపించిందా, అది శాశ్వత దంతం. పోతే మళ్ళీ రాదు. పైకి లేచేదాకా అది పక్క పన్ను కన్నా పల్లంలో ఉంటుంది కాబట్టి మామూలుగా తోమితే కుంచె అందదు. చెంప వైపు నుంచి బ్రష్షును అడ్డంగా పెట్టి దాన్ని విడిగా తోమాలి. ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా ఈ పని పెద్దవాళ్ళదే.

అపోహ: నొప్పి అనడం లేదు, బాగానే ఉన్నట్టు.

నెలల తరబడి సలిపే పన్నుకు పిల్లలు అలవాటు పడిపోతారు. ఒకే పక్క నములుతారు, ముద్ద బుగ్గన పెట్టుకుంటారు, బడి భోజనంలో గుడ్డు తిని చిక్కీ పక్కవాడికిస్తారు. అందుకే ‘నొప్పా?’ అని అడిగితే జవాబు రాదు. నోటి బాధ పిల్లల రోజువారీ పనులకు ఎంత అడ్డొస్తుందో కొలిచే చైల్డ్-ఓఐడీపీ అనే ప్రశ్నావళి గత 3 నెలల్లో 8 సంగతులు అడుగుతుంది: తినడం, మాట్లాడడం, పళ్ళు తోమడం, నిద్ర, సిగ్గుపడకుండా నవ్వడం, చిరాకు, చదువు, నలుగురితో కలవడం. టీచర్లు వీటిలో మూడు అడిగినా చాలు: రాత్రి నిద్ర పట్టిందా, ఏం తినలేకపోయావు, ఏ రోజు బడి మానేశావు?

చల్లటి నీళ్ళకు జివ్వుమని వెంటనే తగ్గితే ఫిల్లింగుతో సరిపోవచ్చు. రాత్రిళ్ళు దానంతటదే పోటు వస్తే పుచ్చు నరం దాకా వెళ్ళినట్టు. ఆ పోటు ఒక్కసారిగా పోయిందంటే నయమైందని కాదు, లోపల నరం చచ్చి ఉండొచ్చు. తర్వాత చిగురు మీద చీము పొక్కు లేస్తుంది. చెంప వాచి జ్వరం వచ్చినా, నోరు తెరవలేకపోయినా, మింగలేకపోయినా అదే రోజు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి.

అపోహ: పన్నును పురుగు తొలిచింది.

పురుగు లేదు. తీపిని తిని ఆమ్లం వదిలే సూక్ష్మజీవులు ఉన్నాయి. గింజల పొగ పట్టి ‘పురుగులు’ రాల్చి చూపేవాళ్ళ దగ్గర పోయేది డబ్బూ, వైద్యం చేయించాల్సిన సమయమూ. ఎంత తీపి తిన్నారన్న దానికన్నా ఎన్నిసార్లు తిన్నారన్నది ముఖ్యం. అన్నంతో పాటు తిన్న లడ్డూ కన్నా మధ్యాహ్నమంతా చప్పరించిన రెండు రూపాయల చాక్లెట్లు ఎక్కువ చేటు. చిక్కీ భోజనంతోనే తినిపించి, నీళ్ళు పుక్కిలింపజేయండి.

అపోహ: పై పన్ను పీకితే చూపు పోతుంది.

పోదు. పంటి నరం వేరు, చూపు నరం వేరు. పీకించకుండా వదిలేసిన పై పన్నులోని చీము కంటి కింద వాపుగా ఎక్కుతుంది.

అపోహ: మచ్చల పళ్ళంటే సరిగా తోమడం లేదని.

నల్గొండ, ప్రకాశం లాంటి ఫ్లోరైడ్ ప్రాంతాల్లో ఆ మచ్చలు పన్ను చిగురు లోపల తయారవుతున్నప్పుడే, తాగిన నీళ్ళ వల్ల పడతాయి. బొగ్గు, ఇటుక పొడితో రుద్దితే మచ్చ పోదు, పింగాణీ పొర అరిగిపోతుంది. ‘పళ్ళు తోముకోవా?’ అని తరగతిలో అనకండి. ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం అక్కడే మొదలవుతుంది. అక్కడా ఫ్లోరైడ్ పేస్టు మానక్కర్లేదు, మింగకుండా చూస్తే చాలు: 3 ఏళ్ళ లోపు బియ్యపు గింజంత, 6 ఏళ్ళ దాకా బఠాణీ గింజంత. ఉమ్మేశాక గ్లాసెడు నీళ్ళతో పుక్కిలించొద్దు.

అపోహ: ఏదో మందు పూసి పన్నును నల్లగా చేశారు.

అది 38 శాతం సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలోకి చేరింది. మిషను, సూది అక్కర్లేదు. పన్నును దూదితో ఆరబెట్టి ఒక చుక్క నిమిషం పాటు పూస్తే పుచ్చు ఆగి, ఆ చోటు నల్లగా గట్టిపడుతుంది. నలుపు పోదని తల్లిదండ్రులకు పూయకముందే చెప్పకపోవడం వల్లే గొడవలొస్తాయి. ఆరు నెలలకు మళ్ళీ చూడాలి, మెత్తగా తగిలితే మళ్ళీ పూయాలి. పూసే ముందు పెదాలకు వాజలిన్ రాసి, మెడకు గుడ్డ కట్టండి. చర్మానికి అంటిన మరక వారం పది రోజుల్లో పోతుంది, యూనిఫాం మీద పడింది మాత్రం ఎంత ఉతికినా పోదు.