వాల్వ్ ఆంప్లిఫయరూ, వెనక మూసిన హెడ్‌ఫోనూ: నా బల్ల మీదకొచ్చే అపోహలు

నాన్న మైకు సెట్టు నడిపేవారు. అంతర్వేది తీర్థానికి వాల్వు ఆంప్లిఫయర్ని గోనెసంచిలో చుట్టి నరసాపురం రేవులో పంటు ఎక్కించడం నా చిన్నప్పటి ఉద్యోగం. ఇప్పుడు పాలకొల్లులో నా రిపేరు బల్ల మీదకొచ్చే వాల్వులు చిన్నవి, తెచ్చేవాళ్ళు కుర్రాళ్ళు. ఇంటి దగ్గర్నుంచే ఆఫీసు పని చేస్తూ, చెవులకి వెనక మూసిన (క్లోజ్డ్ బ్యాక్) హెడ్‌ఫోను తగిలించుకునేవాళ్ళు. వాళ్ళు ట్యూబ్ అంటారు, నేను వాల్వు అంటాను. వస్తువొకటే, పాట సంకేతాన్ని పెంచే గాజు బుడ్డి. దాని మీద అపోహలు మాత్రం బోలెడు.

అపోహ: మంచి ట్యూబ్ ఆంప్ ఏ హెడ్‌ఫోనుకైనా పనికొస్తుంది.

మొన్న వేసవిలో భీమవరం నుంచి ఒకబ్బాయి వచ్చాడు. "బాబాయ్, బాస్ ఉబ్బిపోతోంది, గొంతు గోడవతల నుంచి వస్తున్నట్టుంది. ట్యూబ్ పోయినట్టుంది, కొత్తది తెప్పించెయ్యనా?" అన్నాడు. పెట్టె చూస్తే, వాల్వుకీ హెడ్‌ఫోనుకీ జోడీ కుదిర్చే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లేని రకం, ఓటీఎల్ అంటారు. హెడ్‌ఫోను 38 ఓమ్‌లది, అంటే కరెంటుకి అది పెట్టే అడ్డు అంత. జబ్బేమిటో నాకు అక్కడే తెలిసిపోయింది గానీ, అతనికి చూపించాలి కదా.

ఫోనులో 200 హెర్ట్జ్ టోను పెట్టి, ఆంప్ అవుట్‌పుట్‌లో మీటరు 1 ఓల్టు చూపించేదాకా వాల్యూము తిప్పాను. అప్పుడు హెడ్‌ఫోను బదులు 100 ఓమ్‌ల రెసిస్టరు తగిలించాను. మీటరు 0.48కి జారిపోయింది. అంటే ఆ ఆంప్ లోపలి అడ్డే (ఇంపెడెన్స్ అంటారు) దాదాపు 108 ఓమ్‌లు. ఎత్తు మీద ట్యాంకు ఉంది, పైపు మాత్రం సన్నం. ఒత్తిడికి లోటు లేదు, ధారే రాదు. 30 మిల్లీవాట్లు ఇవ్వాలంటే 300 ఓమ్‌ల హెడ్‌ఫోనుకి 3 ఓల్టులూ 10 మిల్లీఆంపులూ చాలు. అదే 38 ఓమ్‌లదానికి ఓల్టేజీ 1 చాలు గానీ కరెంటు 28 మిల్లీఆంపులు కావాలి. చిన్న వాల్వు అక్కడే ఆయాసపడుతుంది.

అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. హెడ్‌ఫోను ఓమ్‌లు అన్ని స్వరాల దగ్గరా ఒకేలా ఉండవు. తీగచుట్ట కదిలి పలికే డైనమిక్ డ్రైవరైతే బాస్‌లో ఒకచోట లేస్తాయి. ఈ 108 ఓమ్‌ల ఆంప్ మీద 38 ఓమ్‌లది అక్కడ 60కి లేచిందనుకోండి, ఆ జాగాలో సుమారు 3 డెసిబెల్స్ ఉబ్బు. 300 ఓమ్‌లది 500కి లేచినా ఉబ్బు 1 డెసిబెల్ దగ్గరే ఆగుతుంది. అబ్బాయి చెప్పిన బాస్ ఇదే. ట్యూబ్ నిక్షేపంలా ఉంది.

హెడ్‌ఫోను ఓమ్‌లలో ఎనిమిదో వంతు మించి ఆంప్ ఇంపెడెన్స్ ఉండకూడదనేది మా వాడుక లెక్క. 38కి 5 లోపు కావాలి. అలాంటివి రెండు రకాలు: అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న వాల్వు ఆంపులు, ముందు వాల్వు పెట్టి చివర ట్రాన్సిస్టర్లతో నడిపే హైబ్రిడ్లు. మోడల్ని బట్టి తేడాలుంటాయి కాబట్టి అంకె చూసే కొనండి. లేదూ ఓటీఎలే కావాలంటే దానికి తగిన హెడ్‌ఫోను వెతకాలి. చిక్కేమిటంటే వెనక మూసినవాటిలో ఎక్కువ ఓమ్‌లవి తక్కువ. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో 32, 80, 250 ఓమ్‌లు మూడింటిలోనూ వస్తుంది, 250ది తీసుకోండి. సెన్‌హైజర్ హెచ్‌డీ 620ఎస్‌ది 150 ఓమ్‌లు, హెచ్‌డీ 820ది 300 ఓమ్‌లు. ఒకే పేరుతో 32దీ 250దీ ఉంటాయి కాబట్టి అట్ట మీది అంకె చూడకుండా డబ్బు కట్టకండి. పలచటి పొర మీద తీగ పరిచిన ప్లానార్ హెడ్‌ఫోన్ల ఇంపెడెన్స్ గీత గీసినట్టు ఉంటుంది కాబట్టి వాటికి ఉబ్బు రాదు, కానీ కరెంటు దాహం మాత్రం ఉంటుంది.

అపోహ: ఎన్ని వాట్లుంటే అంత మంచిది.

1 మిల్లీవాటుకి 96 డెసిబెల్స్ పలికే హెడ్‌ఫోను 10 మిల్లీవాట్లకి 106 పలుకుతుంది. మన చెవులకి అదే ఎక్కువ.

అపోహ: ట్యూబ్ పెడితే గొంతు తియ్యనవుతుంది.

రాజోలు దగ్గర శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణ గొంతుతోనే నేను ఆంపులు పరీక్షిస్తాను. మంద్రంలోకి దిగినప్పుడు ఆ గొంతు ముద్ద కాకుండా నిలబడాలి. వాల్వు ఆంపులు చాలావాటిలో రెండో హార్మోనిక్ కాస్త కలుస్తుంది, అంటే ప్రతి స్వరానికీ పై స్థాయిలోని అదే స్వరం నీడలా తోడవుతుంది. చెవికది నిండుగా తోస్తుంది, కాదనను. కానీ ఉప్పు లాంటిదది, చిటికెడు దాటితే వాద్యాలన్నీ ఒకదానికొకటి అతుక్కుంటాయి. హెడ్‌ఫోను పైస్థాయిలో గుచ్చుతుంటే దాన్ని ట్యూబ్‌తో మొద్దుబార్చాలని చూడకండి. స్వరాల హెచ్చుతగ్గులు సరిచేసే ఈక్వలైజరులో ఆ జాగాని 3 డెసిబెల్స్ దించండి, రూపాయి ఖర్చుండదు. ఈ మాట చెబితే నా బేరం పోతుందని మా ఆవిడ గోల.

అపోహ: బాస్ తక్కువైందంటే ఆంప్ చాలడం లేదు.

వెనక మూసిన హెడ్‌ఫోనుకి బాస్ నిలబడేది దిండు చెవి చుట్టూ అతుక్కున్నప్పుడే. కళ్ళజోడు కాడ సందు చేసినా, జడ అడ్డొచ్చినా, దిండు తోలు పెచ్చులూడినా కింది స్వరాలు కారిపోతాయి. మన ఉక్కపోతకీ చెమటకీ ఆ ఉత్తుత్తి తోలు ఎంతోకాలం ఆగదు. నల్లటి పెచ్చులు చెవుల చుట్టూ అంటించుకుని వచ్చి ఆంప్ మార్చమనేవాళ్ళని చూశాను. రెండు చేతులతో కప్పుల్ని మెల్లగా తలకేసి నొక్కి చూడండి. బాస్ పెరిగితే దిండ్లు మార్చుకోండి. అచ్చం అలాంటివే కొనండి, మందం మారితే ధ్వనీ మారిపోతుంది.

అపోహ: గుయ్‌మంటోందంటే ట్యూబ్ పోయినట్టే.

కప్పులు ఫ్యాను చప్పుడుని ఆపేస్తాయి కాబట్టి మిగిలిన కాస్త గుయ్‌మనడమూ పెద్దగా వినిపిస్తుంది. ముందు ఇన్‌పుట్ వైరు పీకండి. ఆగిపోతే దోషం లాప్‌టాప్ వైపో, ఎర్తింగులోనో ఉంది. కాలవ గట్టు మీద ఇల్లు, నేలంతా తడి, ఎర్తు చక్కగా దొరికే ఊళ్ళో ప్లగ్గు మూడో పిన్ను విరిచేసి వాడేవాళ్ళని ఏమనాలి? వైరు పీకినా ఆగకపోతే, చెవికో వాల్వు ఉన్న ఆంప్‌లో కుడి ఎడమలు మార్చి చూడండి. చప్పుడు కూడా చెవి మారితేనే వాల్వుది తప్పు. చిటపటలైతే చాలాసార్లు పిన్నులకి పట్టిన చిలుమే. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఇది మరీ ఎక్కువ. ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిస్తే పోతుంది.

ఓల్టేజీ సంగతి వేరు. రాత్రిళ్ళు రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లు తిరగడం మొదలెట్టాక కొన్ని ఊళ్ళలో 230 ఉండాల్సింది 190కి పడుతుంది. అప్పుడు వాల్వుని వేడెక్కించే 6.3 ఓల్టుల ఫిలమెంటుకి 5.2 మాత్రమే అందుతుంది, పాట నీరసపడుతుంది. 260కి లేస్తే 7.1 అవుతుంది, వాల్వు ఆయుష్షు తగ్గుతుంది. పదిశాతం అటూ ఇటూ తట్టుకుంటాయి, అంతకు మించితే స్టెబిలైజరు పెట్టాల్సిందే. అడాప్టరుతో నడిచే చిన్న ఆంపులు చాలావాటికి ఈ బాధ లేదు.

అపోహ: పాత ట్యూబ్ ఎంత ఖరీదైతే ధ్వని అంత గొప్పది.

బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్ళు చేసిన పాత వాల్వులు నా డ్రాయరులో ఇంకా ఉన్నాయి, బాగానే పాడతాయి. వాల్వు మారిస్తే వచ్చే తేడా దిండు మారిస్తే వచ్చే తేడా కంటే చిన్నది. వాల్వు కింద నారింజ రంగు ఎల్ఈడీ వెలిగించే చవక ఆంపులూ ఉన్నాయి, ఆ వెలుగు చూసి మోసపోకండి. నిజం ఫిలమెంటు వేడి వేరు. ఓటీఎల్ ఆంపుల్లో వాడే 6080 రకం వాల్వు ఫిలమెంటు ఒక్కటే దాదాపు 16 వాట్లు తింటుంది. రోహిణి కార్తెలో దాన్ని అద్దాల బీరువాలో పెడితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

అపోహ: స్విచ్ ఆపి ప్లగ్గు పీకేస్తే లోపల చెయ్యి పెట్టొచ్చు.

వద్దు. ఈ పెట్టెల్లో 150 నుంచి 300 ఓల్టుల దాకా నడుస్తాయి. ప్లగ్గు పీకాక కూడా కరెంటు దాచుకునే కెపాసిటర్లు దాన్ని పట్టుకునే ఉంటాయి. పని నేర్చుకునే రోజుల్లో ఓ సాయంత్రం పీకేసిన సెట్టే కదా అని ఒక చెయ్యి ఛాసిస్ (లోహపు చట్రం) మీద ఆనించి, రెండో చేత్తో వైరు లాగబోయాను. మోచేతుల దాకా కొట్టింది, స్క్రూడ్రైవరు ఎగిరి వీధిలో పడింది. నాన్న ఏమీ అనలేదు. ఓ రెసిస్టరుకి రెండు వైర్లు అతికించి, దాంతో కెపాసిటరు ఖాళీ చేసి, మీటరు సున్నాకి దిగడం చూపించారు. అప్పట్నుంచీ మీటరు సున్నా చూపించేదాకా నా ఎడమ చెయ్యి జేబులోనే ఉంటుంది.