ఒక్కో రంగం ఒక్కోలా మోసపోతుంది

2010 సెప్టెంబర్‌లో లైగో డిటెక్టర్లలో ఒక సిగ్నల్ కనబడింది. లైగో అంటే గురుత్వ తరంగాల్ని (భారీ వస్తువులు కదిలినప్పుడు స్థలకాలంలో పుట్టే అలల్ని) పట్టుకోడానికి అమెరికాలో కట్టిన రెండు పెద్ద పరికరాలు, ఒకటి హాన్‌ఫర్డ్‌లో, ఇంకోటి అక్కడికి 3,000 కిలోమీటర్ల దూరంలో లివింగ్‌స్టన్‌లో, ఒక్కోదానికి 4 కిలోమీటర్ల పొడుగు చేతులు రెండు, వాటిలో లేజర్ కాంతి అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. ఎక్కడో దూరంగా రెండు బ్లాక్ హోల్స్ ఢీకొంటే ఆ చేతుల పొడుగులో ప్రోటాన్ సైజులో వెయ్యో వంతు కన్నా తక్కువ తేడా వస్తుంది, దాన్ని కొలవాలి. అప్పటిదాకా ఎవరూ కొలవలేదు. అందుకే ఆ సిగ్నల్ కనబడగానే టీమ్ అంతా దానిమీద పడి నెలల తరబడి లెక్కలు కట్టారు, అది ఉత్త నాయిస్ అయ్యే ఛాన్స్ ఎంతో తేల్చారు, పేపర్ కూడా రాసి పెట్టుకున్నారు. 2011 మార్చిలో అందరూ ఒకచోట చేరాక తెలిసింది, ఆ సిగ్నల్ నకిలీదని. టీమ్‌లోనే కొద్దిమంది దాన్ని రహస్యంగా డేటాలోకి ఎక్కించారు. ఇలాంటిది ఎప్పుడో ఒకప్పుడు ఎక్కిస్తారని అందరికీ ముందే తెలుసు, ఎప్పుడన్నది మాత్రం చెప్పరు.

దశాబ్దాలుగా ఒకే దానికోసం కాచుకుని కూర్చున్నవాళ్ళకి అది లేనిచోట కూడా కనబడే ప్రమాదం ఉంది, ఆ సంగతి వాళ్ళకే అందరికన్నా బాగా తెలుసు, అందుకే తమని తామే పరీక్ష పెట్టుకున్నారు. 2015 సెప్టెంబర్ 14న అసలు సిగ్నల్ వచ్చింది. సెకనులో అయిదో వంతు సేపు, రెండు చోట్లా, 7 మిల్లీసెకన్ల తేడాతో. చూసినవాళ్ళకి ముందు వచ్చిన అనుమానం ఇది కూడా ఎక్కించిందేనేమో అని. కాదని తేలాక కూడా వెంటనే బయటికి చెప్పలేదు, దాదాపు 5 నెలలు తవ్వి తవ్వి చూసి 2016 ఫిబ్రవరి 11న ప్రకటించారు. 130 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో, ఒకటి సూర్యుడికి 36 రెట్లు, ఇంకోటి 29 రెట్లు బరువున్న రెండు బ్లాక్ హోల్స్ కలిసిపోయిన చప్పుడు అది.

ఈ కథ ఎందుకు ఎత్తానంటే, యూనివర్సిటీల్లో జరిగే రీసెర్చ్‌లో ఇన్ని రకాలు ఎందుకున్నాయి, గణితం వాళ్ళు ఒకలా, చరిత్ర వాళ్ళు ఇంకోలా, ఇంజినీర్లు మరోలా ఎందుకు పనిచేస్తారు అన్నదానికి నాకు బాగా నచ్చిన వివరణ ఇందులో ఉంది. ప్రతి రంగానికీ తను మోసపోయే దారి ఒకటి ఉంటుంది. ఆ రంగం పద్ధతులన్నీ ఎక్కువభాగం ఆ దారికి అడ్డంగా కట్టుకున్న గోడలే. కాబట్టి ఎవరి పద్ధతి చూసినా, వీళ్ళు దేనికి భయపడి ఇలా చేస్తున్నారు అని అడిగితే చాలావరకు అర్థమైపోతుంది.

గణితం వాళ్ళనే తీసుకోండి. 2 కన్నా పెద్దదైన ప్రతి సరిసంఖ్యనీ రెండు ప్రధాన సంఖ్యల మొత్తంగా రాయొచ్చని 1742లో గోల్డ్‌బాక్ ఊహించాడు, కంప్యూటర్లతో 4 పక్కన 18 సున్నాలు పెట్టినంత దూరం సరిచూశారు, ఒక్కటి కూడా తప్పలేదు. వేరే ఏ రంగంలోనైనా ఇంత సాక్ష్యం ఉంటే విషయం ఎప్పుడో ముగిసిపోయేది, గణితంలో మాత్రం ఇది ఇప్పటికీ ఊహే. మొండితనం అనిపిస్తుంది కానీ దానికి కారణం ఉంది. 1919లో పోల్యా అనే గణితవేత్త ఇంకో ఊహ చేశాడు, ఏ సంఖ్య దాకా లెక్కపెట్టినా, బేసి సంఖ్యలో ప్రధాన కారణాంకాలు ఉన్న సంఖ్యలు సరి సంఖ్యలో ఉన్నవాటి కన్నా తక్కువ కావు అని. కోట్ల సంఖ్యల దాకా అది సరిగ్గానే ఉంటుంది. అది మొదటిసారి తప్పేది 90,61,50,257 దగ్గర. 90 కోట్ల ఉదాహరణలు వరసగా అవును అవును అన్నాక ఒకటి కాదు అంటుంది. ఉదాహరణలే వాళ్ళని మోసం చేస్తాయి, అందుకే ప్రూఫ్ తప్ప ఇంకేదీ ఒప్పుకోరు. ఆండ్రూ వైల్స్ అనే గణితవేత్త ఫెర్మా చివరి సిద్ధాంతం అనే పాత చిక్కు మీద 7 ఏళ్ళు దాదాపు రహస్యంగా పనిచేసి 1993 జూన్‌లో కేంబ్రిడ్జ్‌లో ప్రకటించాడు, ప్రపంచమంతా పండగ చేసుకుంది, తీరా ప్రూఫ్‌ని లైను లైనుగా చదువుతుంటే ఒక ఖాళీ బయటపడింది, మిగతాదంతా గట్టిగా ఉన్నా ఆ ఒక్క ఖాళీ ఉన్నంతవరకు ప్రూఫ్ లేనట్టే. రిచర్డ్ టేలర్ సాయంతో దాన్ని పూడ్చేసరికి 1994 సెప్టెంబర్ వచ్చింది.

చరిత్ర వాళ్ళ భయం వేరు. వాళ్ళ చేతిలో ఉండేది ఎవరో ఒకరు, ఏదో ఒక అవసరం కోసం రాసిన కాగితం. రాసినవాడు చనిపోయాడు, మళ్ళీ పిలిచి అడగలేం, ప్రయోగం మళ్ళీ చేయలేం. రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ నాలుగో శతాబ్దంలో పశ్చిమ సామ్రాజ్యం మీద అధికారాన్ని పోప్‌కి రాసిచ్చాడని చెప్పే పత్రం ఒకటి యూరప్‌లో కొన్ని వందల ఏళ్ళు చెలామణీ అయింది. 1440లో లోరెంజో వల్లా అనే పండితుడు దాన్ని కూర్చుని చదివాడు, అంతే, చదవడమే అతని ప్రయోగం. ఆ పత్రంలో సత్రపులు అనే పర్షియన్ హోదా రోమన్ అధికారులకి తగిలించి ఉంది, కాన్‌స్టాంటినోపుల్ ఇంకా పుట్టని కాలంలోనే ఆ ఊరి గొప్పతనం గురించి ఉంది, లాటిన్ భాషేమో ఆ కాలానిది కాదు. అది ఎనిమిదో శతాబ్దంలో పుట్టిన నకిలీ పత్రమని ఇప్పుడు చరిత్రకారులు చెప్తున్నారు. ల్యాబ్ లేదు, కొలత లేదు, అయినా ఆ ప్రూఫ్ దాదాపు 600 ఏళ్ళుగా నిలబడే ఉంది. హ్యుమానిటీస్ అంటే ఎవరి అభిప్రాయం వాళ్ళది, రుజువులేమీ ఉండవు అని ఎవరైనా అంటే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే ఒక మాట ఏ శతాబ్దానిదో పట్టుకోడానికి ఆ భాషలో వేల పేజీలు చదివి ఉండాలి, ఆ పని కష్టంలో ఏ ఫిజిక్స్‌కీ తీసిపోదు.

మనుషుల మీద, జంతువుల మీద పరిశోధన చేసేవాళ్ళకైతే మోసం బయటినుంచి కాదు తమ లోపలినుంచే వస్తుంది. 1900ల మొదట్లో బెర్లిన్‌లో హాన్స్ అని ఒక గుర్రం ఉండేది, కూడికలు అడిగితే కాలితో నేల తట్టి జవాబు చెప్పేది. 1904లో ఒక కమిటీ వచ్చి పరీక్షించింది, యజమాని ఏ మోసమూ చేయట్లేదని తేల్చింది, అది నిజమే కూడా, ఆయన నిజాయితీగానే నమ్మాడు. తర్వాత ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అనే ఆయన ఇంకాస్త తెలివిగా ప్రశ్న పెట్టాడు, అడిగేవాడికే జవాబు తెలియకపోతే ఏమవుతుంది? గుర్రం తప్పు చెప్పింది. అడిగేవాడు కనబడకుండా నిలబడినా తప్పే చెప్పింది. సరైన అంకె దగ్గరికి రాగానే అడిగేవాడి తల, భంగిమ తనకే తెలియకుండా కొంచెం కదులుతున్నాయి, గుర్రం దాన్ని చూసి ఆగిపోతోంది. ఇవాళ కొత్త మందుల్ని టెస్ట్ చేసేటప్పుడు ఎవరికి అసలు మందు ఇచ్చారో, ఎవరికి ఉత్త గోళీ ఇచ్చారో పేషెంటుకీ డాక్టరుకీ ఇద్దరికీ తెలియకుండా దాచడం వెనక ఉన్నది ఈ భయమే. దాచినా సరిపోవట్లేదని కూడా తేలింది, సైకాలజీలో అంతకుముందు అచ్చయిన 100 పరిశోధనల్ని వేరేవాళ్ళు మళ్ళీ చేసి చూసి 2015లో ఫలితాలు బయటపెడితే, మొదట 97 శాతం పేపర్లలో స్పష్టంగా వచ్చిన ఫలితం రెండోసారి 36 శాతంలోనే వచ్చింది. అప్పట్నించి చాలామంది డేటా సేకరించకముందే నేను ఇది వెతకబోతున్నాను, ఇలా లెక్కపెడతాను అని రాసి రిజిస్టర్ చేసేస్తున్నారు. తమ రంగంలో బలహీనతని తామే కొలిచి బయటపెట్టడం చిన్న విషయం కాదు, ఆ రంగం మీద నాకు గౌరవం పెరిగింది దానివల్లే.

ఇంజినీర్లకి ఇంకో రకం చిక్కు. వాళ్ళ లెక్క కరెక్టే అయినా, లెక్కలోకి రాని పరిస్థితి ఒకటి ఎదురవుతుంది. అమెరికాలో టకోమా వంతెన 1940 జులైలో తెరిచారు, నవంబర్ 7న గంటకి 64 కిలోమీటర్ల గాలికి మెలికలు తిరిగి కూలిపోయింది. అంతకన్నా చాలా ఎక్కువ గాలి తోపుని తట్టుకునేలాగే దాన్ని డిజైన్ చేశారు. అయితే ఆ లెక్క గాలి ఒక పక్కనుంచి స్థిరంగా నెడుతుందన్న లెక్క, వంతెన ఊగడం వల్ల గాలి ప్రవాహం మారి, ఆ మారిన గాలి మళ్ళీ ఊపుని పెంచుతుందన్నది అందులో లేదు. దీన్ని ఫ్లట్టర్ అంటారు (చాలా పాఠ్యపుస్తకాల్లో రెసొనెన్స్ అని రాస్తారు, అది సరైన వివరణ కాదు). ఆ తర్వాత పెద్ద వంతెనల నమూనాల్ని విండ్ టన్నెల్‌లో పెట్టి చూడటం మామూలైపోయింది. 2000లో లండన్‌లో మిలీనియం బ్రిడ్జ్ తెరిస్తే ఈసారి గాలి కాదు, నడిచే జనమే దాన్ని ఊపారు, వంతెన కొంచెం పక్కకి కదిలితే పడిపోకుండా అందరూ తెలియకుండానే ఒకే లయలో అడుగు వేయడం మొదలుపెట్టారు, రెండు రోజులకే మూసేసి డాంపర్లు (ఊపుని తగ్గించే పరికరాలు) బిగించాల్సి వచ్చింది. పడిపోయినదాన్ని, ఊగినదాన్ని కూర్చుని చదవడం ఇంజినీరింగ్‌లో అసలైన పరిశోధన.

ఇవన్నీ చూశాక అందర్నీ ఒకే కొలతతో కొలవడం, ఏడాదికి ఎన్ని పేపర్లు అని అడగడం ఎంత అన్యాయమో తెలుస్తుంది. లైగో మొదటి పేపర్‌లో రచయితలు వెయ్యిమంది పైనే, గణితంలో ఒకరో ఇద్దరో, అదీ అక్షరక్రమంలో, చరిత్రలో ఒక్క మనిషి ఒక్క పుస్తకం మీద ఏళ్ళకేళ్ళు. రిచర్డ్ లెన్‌స్కీ అనే జీవశాస్త్రవేత్త 1988లో 12 ఫ్లాస్కుల్లో బాక్టీరియా పెంచడం మొదలుపెట్టాడు, రోజూ కొంచెం తీసి కొత్త ఫ్లాస్కులో వేయడమే పని, 31,000 తరాలు దాటాక ఒక ఫ్లాస్కులో బాక్టీరియా, అంతకుముందు తినలేని సిట్రేట్ అనే పదార్థాన్ని గాలి ఉన్నచోట తినడం నేర్చుకుంది. మూడేళ్ళ ప్రాజెక్టుగా పెట్టి ఉంటే అది దొరికేది కాదు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి ఒకరి గోడ ఇంకొకరికి పనికొచ్చే సందర్భాలు. క్రీ.పూ. 136 ఏప్రిల్ 15న బాబిలోన్‌లో సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది, అక్కడి లేఖకులు దాన్ని మట్టి పలక మీద క్యూనిఫామ్ లిపిలో రాసిపెట్టారు, సూర్యోదయం అయ్యాక ఎంతసేపటికి మొదలైంది, ఆ చీకట్లో శుక్రుడు, బుధుడు, ఇంకా ఏ గ్రహాలు కనబడ్డాయి, అన్నీ. ఇప్పుడు ఖగోళ లెక్కతో వెనక్కి వెళ్ళి చూద్దాం, భూమి ఎప్పుడూ ఇవాళ్టి వేగంతోనే తిరిగిందనుకుంటే ఆ గ్రహణం నీడ బాబిలోన్ మీద పడకూడదు, దాదాపు 49 డిగ్రీలు పడమటగా పడాలి. అంటే మూడు గంటల పైన తేడా. లేఖకులు అబద్ధం రాసి ఉండాలి, లేదా భూమి వేగం మారి ఉండాలి. రిచర్డ్ స్టీఫెన్‌సన్ అనే ఖగోళ చరిత్రకారుడు, ఆయన సహచరులు బాబిలోన్, చైనా, గ్రీకు, అరబ్ రికార్డులు వందల కొద్దీ పోగుచేసి, ఏది నమ్మొచ్చో ఏది తర్వాత కల్పించిందో చరిత్రకారుల పద్ధతిలో వడపోసి చూస్తే, తేలింది ఏంటంటే భూమే నెమ్మదిస్తోంది, రోజు పొడుగు వందేళ్ళకి దాదాపు 1.8 మిల్లీసెకన్ల చొప్పున పెరుగుతోంది. అంత చిన్న తేడా లక్షల రోజులు పేరుకుంటే గంటలవుతుంది.

ఇంకా ఆసక్తి ఏంటంటే చంద్రుడి వల్ల వచ్చే ఆటుపోట్ల ఘర్షణ ఒక్కటే లెక్కపెడితే ఆ అంకె 2.3 దాకా రావాలి. మిగిలిన ఆ సగం మిల్లీసెకను తేడాకి ఒక కారణం, మంచుయుగం అయిపోయి ధ్రువాల దగ్గర మంచు బరువు తగ్గాక భూమి ఆకారం నెమ్మదిగా సర్దుకుంటూ ఉండటమని చెప్తారు. ఏ అటామిక్ క్లాక్ కూడా రెండు వేల ఏళ్ళు వెనక్కి వెళ్ళి కొలవలేదు. మట్టి పలక చదవగలిగినవాళ్ళు లేకపోతే భూమి లోపలి కదలికల గురించి ఈ సంగతి మనకి ఇంత స్పష్టంగా తెలిసేది కాదు.

దీనికి సరిగ్గా ఎదురు దిశలో నడిచింది ఇటలీలోని హెర్కులేనియం అనే పాత ఊరి కథ. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు ఒక భవనంలోని లైబ్రరీ మొత్తం మాడి బొగ్గయిపోయింది, ఆ పపైరస్ (పాతకాలపు కాగితం) చుట్టల్ని విప్పితే పొడిపొడి అయిపోతాయి. బ్రెంట్ సీల్స్ అనే కంప్యూటర్ సైంటిస్ట్ వాటిని విప్పకుండా ఎక్స్‌రేతో స్కాన్ చేసి కంప్యూటర్‌లో పొర పొరగా విప్పే దారి కట్టాడు, అయితే సిరా కూడా కార్బనే, కాలిన పపైరస్ కూడా కార్బనే, స్కాన్‌లో తేడా కంటికి ఆనదు. 2023లో పోటీ పెట్టి స్కాన్లన్నీ బయటికి ఇచ్చేశారు, కుర్రాళ్ళు మెషీన్ లెర్నింగ్‌తో ఆ తేడాని పట్టుకున్నారు. అక్టోబర్‌లో మొదటి మాట పూర్తిగా కనబడింది, ఊదారంగు అని అర్థమొచ్చే గ్రీకు మాట. 2024 ఫిబ్రవరి నాటికి 2,000 పైన అక్షరాలు వచ్చాయి, 7 లక్షల డాలర్ల బహుమతి ఇచ్చారు.

ఇక్కడ రెండు రంగాల భయాలూ ఒకేసారి పనిచేశాయి. మోడల్‌కి గ్రీకు అక్షరాలు నేర్పిస్తే అది ఎక్కడ చూసినా గ్రీకే కనిపెట్టేయగలదు, అందుకని దానికి అక్షరం మొత్తం చూపించకుండా చిన్న చిన్న ముక్కలు మాత్రమే చూపించి, ఇక్కడ సిరా ఉందా లేదా అని ఒక్క ప్రశ్నే అడిగారు, భాష సంగతి దానికి తెలియనివ్వలేదు. బయటికొచ్చిన బొమ్మల్ని పపైరస్ పండితులు ఎవరికి వాళ్ళు విడిగా చదివి, ఏ అక్షరం ఖాయం, ఏది అనుమానం అని మార్కు చేశారు. 2025లో ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న ఇంకో చుట్టలో పుస్తకం పేరూ రచయిత పేరూ దొరికాయి, దుర్గుణాల గురించి ఫిలోడెమస్ అనే గ్రీకు తత్వవేత్త రాసిన పుస్తకం అది. ఆ పేరుని జర్మనీలో ఇద్దరు, పోటీ టీమ్‌లో ఇంకొకరు, ఎవరికి వాళ్ళు పనిచేసుకుంటూ విడివిడిగా కనిపెట్టారు.