రాయి అదే, తాడు పాతది

రెండేళ్ల కిందటి కనుమ. వంశధార ఒడ్డున మా ఊళ్లో, రామమందిరం ముందు ఇసక పోసి సంగిడీల పోటీ పెట్టారు. శ్రీకాకుళం వైపు ఊళ్లు తెలిసినవాళ్లకి సంగిడి అంటే చెప్పక్కర్లేదు, తెలియనివాళ్లకి మాత్రం: అది ఎత్తడానికని చెక్కిన రాతి బరువు. మా మావయ్య ఒకప్పుడు వరసగా మూడు కనుమలు ఆ రాయిని ఎత్తి గెలిచాడు. ఆ తర్వాత విశాఖలో కూర్చుని చేసే ఉద్యోగం, పొట్ట, పదిహేనేళ్లు. నలభై ఏడో ఏట మళ్లీ బరిలోకి దిగాడు. నేను వద్దంటే నవ్వాడు.

"నానెత్తిన రాయే కదేటి అల్లుడా. దానికేటి, ఈ పదేనేళ్లలో బరువెక్కిపోనాదేటి?"

మొదటిసారి ఎత్తాడు. రెండోసారీ ఎత్తాడు, ఈలలు పడ్డాయి. మూడోసారి రాయి మోకాలు దాటుతుండగా ఎండు కందికట్టె విరిగినట్టు చిన్న చప్పుడు. రాయి ఇసకలో పడింది. కుడి మోచేతి పైన ఉండాల్సిన కండ జారి భుజం వైపు నిమ్మకాయలా ముద్దకట్టుకుపోయింది. కండ తెగలేదు. కండని ఎముకకి కట్టి ఉంచే తాడు, అంటే స్నాయుబంధనం, ఎముక నుంచి ఊడి వచ్చేసింది. (మన వాడుకలో దీన్నీ నరమనే అంటాం, అసలు నరాన్నీ నరమనే అంటాం. ఈ వ్యాసంలో ఆ రెండిటికీ వేరువేరు పని ఉంది కాబట్టి విడదీయక తప్పదు.)

విచిత్రమేమిటంటే మావయ్య ధీమా పూర్తిగా తప్పు కాదు. పోటీకి రెండు నెలల ముందు సాధన మొదలుపెడితే పాత బలం చాలావరకు తిరిగొచ్చింది. కొత్త కుర్రాడికి ఏడాది పట్టేది ఆయనకి వారాల్లో వచ్చింది. దీనికి కారణం కండలోనే ఉంది. మామూలు కణానికి ఒక్క కేంద్రకం (కణం పనిని నడిపించే భాగం) ఉంటే, పొడుగాటి కండర తంతువులో వందలకొద్దీ ఉంటాయి. వ్యాయామం చేస్తే పక్కనున్న మూలకణాలు వచ్చి కలిసి ఇంకొన్ని కేంద్రకాలను చేరుస్తాయి. 2010లో ఆస్లో పరిశోధకులు ఎలుకల్లో కండని పెంచి, తర్వాత దాని నరాన్ని కోసి మూడు నెలలు చూశారు. కండ చిక్కిపోయింది గానీ చేరిన కేంద్రకాలు పోలేదు. కూలీలు ఇల్లు వదిలి వెళ్లకుండా పని కోసం ఎదురుచూస్తున్నట్టు లెక్క. మనుషుల్లోనూ అచ్చం ఇలాగే జరుగుతుందా అన్నదాని మీద వాదన నడుస్తోంది. అయితే 2018లో ఇంగ్లండ్‌లోని కీల్ విశ్వవిద్యాలయం వాళ్లు కొందరు యువకుల చేత ఏడు వారాలు బరువులెత్తించి, ఏడు వారాలు ఆపించి, మళ్లీ ఏడు వారాలు ఎత్తించారు. రెండో విడతలో కండ ఎక్కువ పెరిగింది. మొదటి విడతలో డీఎన్‌ఏ మీద పడిన రసాయన గుర్తులు కొన్ని విశ్రాంతిలోనూ చెరగలేదు.

కాబట్టి కండకి జ్ఞాపకం ఉంది. తాడు సంగతే వేరు.

దీన్ని కనిపెట్టడానికి అణుబాంబులు పనికొచ్చాయి. 1955-63 మధ్య ఆరుబయట జరిపిన అణుపరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 (మామూలు కార్బన్ కంటే కాస్త బరువైన రకం) దాదాపు రెట్టింపైంది, ఆ తర్వాత ఏటా తగ్గుతూ వచ్చింది. గాలిలోది పంటలోకి, పంటలోంచి మన ఒంట్లోకి. అంటే ఒంట్లో ఏ ముక్క ఏ ఏడు తయారైందో అందులోని కార్బన్-14 చెప్పేస్తుంది. డెన్మార్క్ పరిశోధకులు 2013లో మడమ వెనకాల ఉండే అకిలిస్ స్నాయుబంధనాల నడిమి భాగాన్ని ఇలా పరీక్షించారు. అది ఆ మనిషికి సుమారు 17 ఏళ్లు వచ్చేలోపు తయారైనదే! ఆ తర్వాత కొత్తది చేరింది దాదాపు సున్నా. కండ మాత్రం ఎప్పటికప్పుడు కొత్తబడుతూనే ఉంది. మావయ్య మోచేతి దగ్గర ఉన్నది అకిలిస్ కాదు గానీ జాతి అదే. అంటే ఆ కనుమ నాడు రెండు నెలల కొత్త కండ ఇంటర్మీడియట్ నాటి తాడుని పట్టి లాగింది.

ఇక అసలు నరం సంగతి. వెన్నుపాములోంచి కండకి ఆజ్ఞలు మోసే నాడీకణాలు వయసుతో కొన్ని రాలిపోతాయి. వేగంగా బిగిసే తంతువులు అలా దిక్కులేనివైతే, పక్కనున్న నెమ్మది నాడీకణం వచ్చి కొన్నిటిని దత్తత తీసుకుంటుంది. అవీ నెమ్మదివే అయిపోతాయి. అందుకే వయసు మీదపడితే బలం కంటే చురుకు ముందు పోతుంది. దీనికి తోడు గుండె గరిష్ఠ వేగం పదేళ్లకి, నిమిషానికి సుమారు ఏడు కొట్టుకోవడాల చొప్పున తగ్గుతుంది, ఎంత సాధన చేసినా.

బాక్సింగ్‌లో ఇది కళ్లకి కట్టినట్టు కనిపిస్తుంది. 1974లో జార్జ్ ఫోర్‌మన్‌ని ఓడించి ముహమ్మద్ అలీ ప్రపంచ టైటిల్ లాక్కున్నాడు. అలీ ఆస్తి కాళ్లు, కళ్లు, రెప్పపాటు. 1980లో 38 ఏళ్ల అలీ మళ్లీ బరిలోకొచ్చి ల్యారీ హోమ్స్ చేతిలో పది రౌండ్లు దెబ్బలు తిన్నాడు. ఫోర్‌మన్ ఆస్తి మొద్దు బలం. పదేళ్లు మానేసి 1987లో దాదాపు 120 కిలోలతో తిరిగొచ్చాడు. 1994 నవంబర్‌లో 45 ఏళ్ల వయసులో, ఇరవై ఏళ్ల కిందట వేసుకున్న అదే ఎర్ర నిక్కరుతో, 26 ఏళ్ల మైకేల్ మూరర్ ముందు నిలబడ్డాడు. తొమ్మిది రౌండ్లు పాయింట్లలో వెనకే ఉన్నాడు. పదో రౌండ్‌లో ఒక్క కుడిచేతి దెబ్బ చాలింది. నాకైతే ఇందులో అలీ తక్కువవాడని అనిపించదు. ఆయన ఆడిన ఆటే ముందు ముసలిదయ్యే ఆట.

ఈతలో మార్క్ స్పిట్జ్ 41 ఏట తిరిగొచ్చి, 1992 ఒలింపిక్స్ అర్హత సమయానికి రెండు సెకన్లకు పైగా వెనకబడ్డాడు. డారా టోరెస్ అదే 41 ఏట, బీజింగ్‌లో 50 మీటర్ల బంగారాన్ని 0.01 సెకనులో పోగొట్టుకుంది. స్పిట్జ్ ఇరవై ఏళ్లు పోటీలకు దూరంగా ఉండిపోయాడు. టోరెస్ మానినా మధ్యలో తిరిగొస్తూ ఉండేది.

మన జిల్లా ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట కరణం మల్లీశ్వరి సంగతి చూడండి. 1994, 95లలో 54 కిలోల విభాగంలో ప్రపంచ విజేత. 2000 సిడ్నీలో 69 కిలోల విభాగంలో రెండు పద్ధతుల్లో 110, 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చినప్పుడు ఆమెకి 25. మరుసటేడు తల్లి అయ్యారు. తిరిగొచ్చి 2004 ఏథెన్స్‌కి వెళ్లారు, అక్కడ పోటీ పూర్తి చేయలేకపోయారు. ఆ తర్వాత ఆట మానేశారు. అప్పటికి ఆమెకి ఇంకా ముప్ఫై నిండలేదు. వెయిట్‌లిఫ్టింగ్‌లో బరువుని క్షణంలో పైకి విసరాలి, అక్కడ గడియారం అంత కఠినం.

మావయ్యకి శస్త్రచికిత్స జరిగింది. తాడుని మళ్లీ ఎముకకి కట్టారు. నడిమి భాగం పాతదే అయినా బరువుని నెమ్మదిగా, నెలల తరబడి మోయిస్తే తాడు కొంత గట్టిపడుతుందని ఫిజియోథెరపిస్ట్ చెప్పింది. మొన్న కనుమకి వెళ్తే పెరట్లో కనిపించాడు. చేతిలో ఐదు కిలోల డంబెల్. ఎత్తడం కాదు, దించుతున్నాడు, ఐదు లెక్కపెట్టుకుంటూ. అరుగు మీద ఇద్దరు మనవలు నవ్వుతున్నారు.

"మందిరం కాడికి రాలేదేటి మావయ్యా?"

"ఉండల్లుడా, లెక్క తప్పిపోతాది."