ఈజిప్టు గుడి స్తంభాలు: అపోహలు - వాస్తవాలు

పాత రాతికట్టడాల మరమ్మతు నా వృత్తి. ఈజిప్టులోని కర్నాక్ గుడుల ఫోటో చూపిస్తే చాలు, "అంత పెద్ద రాయిని ఎలా నిలబెట్టారండీ?" అని అడగనివాళ్లు ఉండరు.

అపోహ: ఒక్కో స్తంభం ఒక్కటే రాయి.

కర్నాక్‌లో అమున్ అనే దేవుడి గుడి పెద్ద మండపంలో 134 స్తంభాలున్నాయి. నడిమి 12 దాదాపు 21 మీటర్ల ఎత్తు. అన్నీ ఇసుకరాయి దిమ్మెల్ని ఒకదానిమీద ఒకటి పేర్చి కట్టినవే. రాయి గబల్ అల్ సిల్సిలా క్వారీలది, నైలు మీద పడవల్లో వచ్చింది. ఏకశిలా స్తంభాలు లేకపోలేదు. అబూసిర్‌లో సహురే రాజు పిరమిడ్ గుడికి ఖర్జూరపు చెట్టు ఆకారంలో చెక్కిన గ్రానైట్ స్తంభాలు అలాంటివే.

అపోహ: కిందే చెక్కి, తయారైన స్తంభాన్ని పైకి లేపారు.

దీనికి జవాబు కర్నాక్ మొదటి ఆవరణలోనే ఉంది. అక్కడ సగంలో ఆపేసిన ఒక స్తంభం ఇంకా గుండ్రం తిరగని మొరటు దిమ్మెలతో, అంచులు పొడుచుకొచ్చి అలాగే నిలబడి ఉంది. ముందు పేర్చేసి, చెక్కడం తర్వాత చేసేవారన్నమాట. గైడ్లు తొందరపెట్టినా సరే, అక్కడ పది నిమిషాలు ఆగండి. పక్కనే గోపురాన్ని ఆనుకుని పచ్చి ఇటుకల ర్యాంపు ఆనవాళ్లు కూడా ఉన్నాయి.

అపోహ: స్తంభాల నిండా శాపాలు, రహస్య మంత్రాలు.

ఎక్కువగా ఉన్నవి దేవుడికి రాజు నైవేద్యం పెట్టే దృశ్యాలు, రాజుల పేర్లు. పెద్ద మండపంలో మొదటి సేతి రాజు ఉబ్బెత్తు బొమ్మలు చెక్కిస్తే, కొడుకు రెండో రామ్సెస్ రాతిలోకి లోతుగా దింపే పద్ధతి పట్టాడు. ముందు ఉబ్బెత్తుగా ఉన్న కొన్నింటిని లోతుకు మార్పించాడు కూడా. టార్చి పక్కనుంచి వాలుగా వేస్తే పాత గీతలు బయటపడతాయి. తర్వాత వచ్చిన నాలుగో రామ్సెస్ మిగిలిన ఖాళీల్లో తన పేరు ఇరికించాడు. ఎక్కడైనా రాజులు రాజులే!

అపోహ: అవి మొదట్నుంచీ మట్టిరంగువే.

కాదు, రంగులు దట్టంగా వేసేవారు. ఎస్నా గుడి మండపంలో 2018 నుంచి మసి, దుమ్ము తీస్తూ వస్తే ఎరుపు, నీలం, పసుపు పైకి తేలాయి.

అపోహ: వేల ఏళ్లుగా చెక్కుచెదరలేదు.

1899 అక్టోబర్ 3న కర్నాక్ మండపంలో 11 స్తంభాలు కూలాయి. ఫ్రెంచి పురావస్తు నిపుణుడు జార్జ్ లెగ్రాన్ వాటిని మళ్లీ నిలబెట్టించాడు, అదీ మట్టి కట్టలు పోసి, పాతకాలపు పద్ధతిలోనే. ఇప్పటికీ మాకు టెన్షన్ పెట్టేది భూగర్భ జలంలోని ఉప్పే. అది పట్టిన స్తంభం మొదట్లో తెల్లగా పొంగుతుంది, వేలితో రాస్తే ఇసుక రాలుతుంది. దానిమీద సిమెంటు పూశారా, తేమ ఇంకా పైకెక్కి అక్కడ రాయిని తినడం మొదలుపెడుతుంది.