ఆ అబ్బాయి అబద్ధం చెప్పలేదు

చిన్నా, బుజ్జీ,

మొన్న ఫోన్‌లో మీరిద్దరూ ఒకటే నవ్వు. మీ వాచ్‌మన్ కొడుకు "మా ఊళ్లో ఆదివారం బడికి వెళ్లేవాణ్ణి, పండక్కి కుక్కకు దండేసి పూజ చేసేవాళ్లం" అన్నాడట. అన్నీ కోతలే అమ్మమ్మా అన్నారు. ఫోన్‌లో చెబితే సగంలో ఆపేస్తారు. అందుకే ఈ ఉత్తరం.

కోతలు కావర్రా. నేపాల్లో వాడు చదువుకున్నప్పుడు వారం సెలవు శనివారమే. 2015 ఏప్రిల్ 25న అక్కడ పెద్ద భూకంపం వచ్చి దాదాపు 9,000 మంది పోయారు. తరగతి గదులు వేలల్లో కూలాయి. ఆ రోజు శనివారం కాబట్టి వాటిలో పిల్లలు లేరు.

2018 దసరాల్లో తాతయ్యా నేనూ ముక్తినాథ్ యాత్రకు వెళ్తూ పోఖరాలో ఒకరింట్లో దిగాం. వాళ్ల తొమ్మిదేళ్ల పిల్లను అందరూ కాన్ఛీ అని పిలుస్తుంటే అదే పేరనుకున్నా. కాదట, కడసారిది అని అర్థమట. మనకు పెద్దోడు, నడిపోడు, చిన్నోడు ఉన్నట్టు వాళ్లకు జేఠా, మాహిలా, సాహిలా, కాహిలా, చివరికి కాన్ఛా. ముక్కూమొహం తెలియని మగవాళ్లను కూడా దాయి, అంటే అన్న, అంటారు. మీరూ "ఏయ్ గూర్ఖా" మానేసి వాళ్ల నాన్నను దాయి అని పిలిచి చూడండి.

ఆ పిల్ల నోటుబుక్కులో తేదీ చూసి నా కళ్లజోడు తుడుచుకున్నా. 2075 అని ఉంది! వాళ్లది విక్రమ సంవత్సరం లెక్క. గడియారం కూడా మనకంటే పదిహేను నిమిషాలు ముందే. పొద్దున తొమ్మిదికల్లా దాల్‌భాత్, అదే మన పప్పన్నం, తినేసి బడికి పోతుంది. మధ్యాహ్నం అటుకులో ఏదో. రాత్రికి మళ్లీ దాల్‌భాత్. నాలుగో రోజుకి మీ తాతయ్య ఇడ్లీల కోసం బెంగ పెట్టుకున్నారు. నేను మాత్రం గుంద్రుక్ చారు మారు వడ్డించుకున్నా. ఆవాకును పులియబెట్టి, ఎండబెట్టి కాస్తారు. మొదట వాసన గుప్పుమంటుంది గానీ, పుల్లపుల్లగా బాగుంటుంది.

దసరాను వాళ్లు దశైఁ అంటారు. పదిహేను రోజుల పండగ. మొదటి రోజు చీకటి గదిలో బార్లీ గింజలు చల్లుతారు. మన పెళ్లిళ్లలో పాలికలు పెట్టినట్టే. ఎండ తగలదు కాబట్టి మొలకలు పచ్చగా కాక పసుపు రంగులో వస్తాయి. అదే జమరా. విజయదశమినాడు పెద్దవాళ్లు బియ్యం, పెరుగు, ఎర్రరంగు కలిపి పిల్లల నుదుటి నిండా టీకా పెట్టి, తలలో జమరా ఉంచి, డబ్బులిస్తారు. మన దగ్గర జమ్మి ఆకు పట్టుకుని పిల్లలే పెద్దల దగ్గరికి వెళ్తారు కదా! పోనీలే, డబ్బుల దగ్గర మాత్రం రెండూ ఒకటే. పొడవాటి వెదుళ్లు పాతి ఊరంతటికీ ఉయ్యాల కడతారు. వానలు చాలు స్వామీ అని ఇంద్రుడికి చెప్పడానికే గాలిపటాలు ఎగరేస్తామంది కాన్ఛీ.

ఆ పిల్ల నాన్న ఖతార్‌లో పని. టీకా వీడియో కాల్‌లో చూపించుకుంది. మన జగిత్యాల వైపు ఎన్ని ఇళ్లలో ఇదే చూశానో! అందుకే నాకు కొత్తగా అనిపించలేదు, గొంతు మాత్రం పట్టేసింది.

కుక్క సంగతి దీపావళిది. దాన్ని వాళ్లు తిహార్ అంటారు, ఐదు రోజులు. మొదటి రోజు కాకికి అన్నం, రెండో రోజు కుక్కకు దండ, బొట్టు, మంచి భోజనం. వీధికుక్కకైనా సరే.

ఆ పిల్ల నాకు బాఘ్‌చాల్ నేర్పింది. మన పులిజూదానికి అక్క లాంటిది. మనకు మూడు పులులు, పదిహేను మేకలు. వాళ్లకు నాలుగు పులులు, ఇరవై మేకలు. గళ్ల గీతలు కలిసే ఇరవై ఐదు చోట్లలో ఆట. పులులు నాలుగు మూలల్లో కూర్చుంటాయి, మేకల్ని ఒక్కొక్కటిగా దింపాలి. మేకలతో మూడుసార్లు ఓడిపోయా.

ఈ ఆదివారం సుద్దముక్క తీసుకుని కిందికి వెళ్లండి. గీతలు ఆ వాచ్‌మన్ కొడుకునే గీయమనండి. మేకలు మీరు తీసుకోండి, ఎన్ని మిగిలాయో నాకు ఫోన్ చేసి చెప్పండి.

మీ అమ్మమ్మ